ఒకటే రేటు

మార్చి 3

తమ్ముడూ,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని నొసలు ముడుస్తావని తెలుసు. ఫోనులో అయితే "సరే సరే అక్కా" అంటూనే పెట్టేస్తావు. ఉత్తరమైతే చదవక తప్పదు. పైగా ఇది సరే సరేతో పోయే సంగతి కాదు.

ముందు మంచి మాట చెప్తాను. నా బట్టల కోత పాఠాల పుస్తకం ఫోనులో చూసుకున్నాను. ఈబుక్ అని నువ్వంటే అదేదో నాకు కొరుకుడు పడని వ్యవహారం అనుకున్నాను కాని, రెండు వేళ్ళతో సాగదీస్తే అక్షరాలు పెద్దవవుతున్నాయి. అచ్చు పుస్తకాల కంటే ఇదే హాయిగా ఉంది. అసలు ఈ గదిలో వెలుతురు చాలడం లేదు. బల్బు మార్చమని ఇంటావిడకు చెప్పడమంటే గోడకు చెప్పడమే. షాపు మూసేశాక నా చేతి పనిలో మిగిలింది ఈ పుస్తకం ఒక్కటే. దాన్ని అందంగా తెచ్చావు. ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను, దాచుకో. కింద వేరే మాటలు ఉన్నాయి.

నిన్న నా దగ్గర కోత నేర్చుకున్న పిల్లలు ఇద్దరు వచ్చారు. పొడుగమ్మాయి నీకు తెలుసు, మా వీధి చివర మిషను పెట్టుకుంది. రెండో పిల్ల గుండీలమ్మాయి, ఏ చొక్కా కుట్టినా ఒక గుండీ తక్కువ కుట్టేది. ఇద్దరూ ఒకే రోజు నా పుస్తకం కొన్నారు. పొడుగమ్మాయి మీ సైటులో నూట ఇరవై పెట్టి కొంది. గుండీలమ్మాయి ఆ ఆన్‌లైన్ పెద్ద కొట్టులో ఎనభై అయిదుకు కొంది. నా ముందే ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. "టీచర్, మీకు దగ్గరి మనిషినని నాకు ఎక్కువ వేశారా?" అని పొడుగమ్మాయి నవ్వుతూనే అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

నా షాపు గోడ మీద రేకు బోర్డు ఉండేది, గుర్తుందా? చొక్కాకింత, ప్యాంటుకింత, బేరం లేదు. జడ్జిగారి భార్య వచ్చినా అదే, ఆవిడింట్లో గిన్నెలు తోమే మనిషి వచ్చినా అదే. నువ్వొచ్చినా అదే తీసుకున్నాను, ఏడుస్తూ ఇచ్చావు. నా పేరున్న వస్తువు రెండు రేట్లకు అమ్ముడవడం నా జన్మలో లేదు. వెంటనే సరిచెయ్యి.

మిషను మీద దుమ్ము దులిపి నీకో చొక్కా కుడుతున్నాను. నీలం గీతలది. లావెక్కానని చెప్పావు కదా, నడుము దగ్గర వదులు పెట్టాను.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క

*

మార్చి 11

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. "ఏడుస్తూ ఇచ్చావు" దాకా వచ్చేసరికి మా ప్రూఫులు దిద్దే పెద్దాయన దగ్గు ఆపుకోలేక బయటికి పోయాడు. ఇకమీదట ఇంటికి రాయి.

అవునూ, బస్సులో కూర్చుని రాశావా? రెండో పేజీలో వాక్యాలన్నీ కిందికి జారిపోయాయి. ఒకచోట గీత మీద గీత ఎక్కేసింది. నీ చేతిరాత చూపించి నన్ను తన్నేవాళ్ళు ఇంట్లో.

ఇక రేటు గొడవ. అక్కా, మన సైటులో రేటు నేను పెడతాను. పెద్ద కొట్టులో రేటు నేను పెట్టను. మేము ఇంత అని ఒక ధర చెప్తాం. ఆ తర్వాత వాళ్ళు తగ్గించుకుంటారో పెంచుకుంటారో వాళ్ళ ఇష్టం. అక్కడ మనిషి కూడా లేడు, మిషను. అది రోజంతా అందరి కొట్లూ తొంగి చూస్తుంది, చూసి తన రేటు మారుస్తుంది. ఎందుకు మార్చావంటే చెప్పేవాడు ఉండడు. ఇదే పుస్తకం నీకో రేటు, నాకో రేటు చూపించినా ఆశ్చర్యపోను. నీ పుస్తకానికే కాదు, మా పుస్తకాలన్నిటికీ ఇంతే. మొదట్లో నేనూ ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఇప్పుడు చూడటం మానేశాను. నువ్వూ చూడకు. నా చేతుల్లో లేనిది నీ చేతుల్లో అసలే లేదు.

పొడుగమ్మాయికి నా తరఫున సారీ చెప్పు. మీ మరదలికి మోకాలు మళ్ళీ పట్టేసింది, మెట్లు ఎక్కలేక కింది గదిలోకి మారాం. చొక్కా కోసం ఎదురుచూస్తుంటాను. నువ్వు కుట్టింది తొడుక్కుని చాలా కాలమైంది.

తమ్ముడు

*

మార్చి 19

తమ్ముడూ,

చూడకు అని రాశావు. అప్పటినుంచి రోజూ పొద్దున్న కాఫీ కంటే ముందు అదే చూస్తున్నాను.

నిన్న పెద్ద కొట్టులో నూట నలభై ఉంది. మధ్యాహ్నం గుండీలమ్మాయి చూస్తే తన ఫోనులో డెబ్బై ఉందట. మిషను, మిషను అంటావు. నేనూ మిషను ముందు కూర్చుని బతికినదాన్నే. తొక్కితేనే తిరిగేది, తొక్కకుండా తిరిగే మిషను నేనెక్కడా చూడలేదు. ఎవరో ఒకరి కాలు దాని మీద ఉంటుంది. పుస్తకం నీది, ఒప్పందం రాసుకున్నది నువ్వు, నా చేతుల్లో లేదంటే ఎలా? రాసేవాళ్ళకు లెక్క అందకుండా పుస్తకాలు వేసేవాళ్ళే కావాలని రెండు మూడు రేట్లు పెడతారని గుండీలమ్మాయి వాళ్ళ మామయ్య అన్నాడు. నేననడం లేదు, ఆయనన్నాడు. కాని ఆ మాట విని కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. అది నాకు కష్టమనిపించింది.

ఆలోచించి ఒక పని చేశాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ గ్రూపులో మెసేజీ పెట్టించాను. "పెద్ద కొట్టులో కొనకండి. మా తమ్ముడి సైటులోనే కొనండి. అక్కడ కూడా డెబ్బైయే ఉంటుంది. అందరికీ ఒకటే రేటు. ఇది నా మాట." కాబట్టి నువ్వు మీ సైటులో డెబ్బై చెయ్యి. మాట ఇచ్చేశాను, నన్ను నలుగురిలో చులకన చెయ్యకు.

బస్సులో రాయలేదు, బల్లమీదే రాశాను. చెప్పాను కదా, బల్బు.

చొక్కా పార్సిల్లో వేశాను. ఈసారి కాలరు రెండు రోజులు పట్టింది, వయసు మరి. తొడుక్కుని ఎలా ఉందో రాయి. నిజం రాయి.

అక్క

*

మార్చి 27

అక్కా,

మన సైటులో డెబ్బై చేశాను. నువ్వు మాట ఇచ్చే ముందు నన్నొక్క ముక్క అడగాల్సింది. మన రేటు తగ్గితే పెద్ద కొట్టు మిషను చూస్తుంది. చూశాక ఏం చేస్తుందో నాకూ తెలియదు. ఒప్పందంలో మనం వాళ్ళ కంటే తక్కువకు అమ్మకూడదని షరతు కూడా ఉంది. వాళ్ళు మన కంటే తక్కువకు అమ్ముకోవచ్చు. ప్రస్తుతానికి ఇద్దరిదీ డెబ్బై, గండం లేదు.

ఎవరి మామయ్యో అన్న మాట నాకు రాసి పంపినందుకు సంతోషం.

చొక్కా అందింది. అర్థమైంది.

తమ్ముడు

*

ఏప్రిల్ 8

తమ్ముడికి,

"అర్థమైంది" ఏమిటి? చొక్కా తొడుక్కుంటారు, అర్థం చేసుకోరు. సరిపోయిందా లేదా అని అడిగితే బెల్లం కొట్టిన రాయిలా ఆ ఒక్క ముక్కేమిటి? నడుము బిగువైతే చెప్పు, వదులు పెడతాను. కాలరు నచ్చకపోతే చెప్పు. ఇంతకుముందు ఎప్పుడైనా నీకు నచ్చలేదంటే నేను చిన్నబుచ్చుకున్నానా?

నువ్వు డెబ్బై చేసిన మర్నాడే పెద్ద కొట్టులో అరవై రెండు. నీకు ఫోను చేయించి అరవై రెండు పెట్టించాను. రెండు రోజుల్లో అక్కడ యాభై. మళ్ళీ నీతో యాభై పెట్టించాను. నిన్న అక్కడ నలభై. నువ్వూ నలభై చేశావని సాయంత్రం పొడుగమ్మాయి చూసి చెప్పింది. నేను ఇంత చెప్తే నువ్వు అంత చేస్తావు, తెల్లారేసరికి వాళ్ళు ఇంకాస్త తగ్గిస్తారు. నా నోట్లోంచి రేటు బయటికి రాకముందే వాళ్ళకు తెలిసిపోతోంది. ఎవరు చెప్తున్నారు? మీ ఇద్దరి మధ్యా నన్ను బంతాట ఆడుతున్నారా?

ఇప్పుడు నా గతి విను. పొడుగమ్మాయి నూట ఇరవై పెట్టింది. నా మాట నమ్మి డెబ్బైకి కొన్నవాళ్ళున్నారు. అరవై రెండు వాళ్ళున్నారు, యాభై వాళ్ళున్నారు. నిన్న నలభైకి కొన్నవాళ్ళు. పెద్ద కొట్టు సంగతి దేవుడెరుగు, మా తమ్ముడి సైటులోనే ఇన్ని రేట్లు. "ఒకటే రేటని మీరే కదా టీచర్ మెసేజీ పెట్టారు" అని గ్రూపులో అడుగుతున్నారు. ఒకమ్మాయి "ఇంకో వారం ఆగితే ఊరికే వస్తుంది" అని నవ్వే బొమ్మ పెట్టింది. అందరూ దానికి నవ్వారు. నేను నేర్పిన పిల్లలే. బజారుకు వెళ్ళాలంటే మొహం చెల్లడం లేదు.

నీకు నిలబెట్టడం చేతకాకపోతే పుస్తకం మీద నా పేరు తీసెయ్. మిగతాది నువ్వూ నీ మిషనూ పంచుకోండి. ఆ మామయ్య అన్నమాట నేను అనలేదన్నాను. ఇప్పుడు అంటున్నాను.

అక్క

*

ఏప్రిల్ 20

అక్కా,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించాను. ఇది మూడోది, ఇందులోనూ మంచి మాటలు లేవు. చదివి నువ్వూ చించుకో.

నువ్వు నలభై పెట్టించిన మర్నాడు పొద్దున్న పెద్ద కొట్టు మిషనుకు ఏమనిపించిందో, నీ పుస్తకం రేటు ఒక్కసారిగా నూట ఇరవైకి ఎక్కించింది. మన సైటులో నలభైయే ఉంది. అంటే మనం వాళ్ళ కంటే తక్కువకు అమ్ముతున్నట్టు. షరతు తప్పినట్టు. నేను ఆఫీసు తాళం తీసేలోపు మా పుస్తకాలన్నీ అక్కడ ఆపేశారు. నీది ఒక్కటే కాదు, అన్నీ. మా దగ్గర పుస్తకాలు వేయించుకున్నవాళ్ళలో ఒక రిటైర్డ్ కాంపౌండరు ఉన్నాడు. పదేళ్ళు కూర్చుని గాయాలకు కట్లు కట్టడం మీద పుస్తకం రాశాడు. "బాబూ, నా పుస్తకం కనబడటం లేదేమిటి?" అని మూడు రోజులు వరుసగా ఆఫీసుకొచ్చి అడిగాడు. ఏం చెప్పను? మా అక్కకు ఒకటే రేటు కావాలి, అందుకని మీ పుస్తకం పోయింది అని చెప్పనా? ప్రూఫుల పెద్దాయన్ని ఈ నెల నుంచి రావద్దన్నాను. ఆయన దగ్గుతూనే కుర్చీలో దిండు తీసుకుని వెళ్ళిపోయాడు.

పెద్ద కొట్టువాళ్ళకు రాయగా రాయగా ఒక జవాబు వచ్చింది. గొడవ తెచ్చిన పుస్తకాన్ని అమ్మకంలోంచి పూర్తిగా తీసేస్తే మిగతావాటి సంగతి చూస్తామన్నారు. తీసేశాను. వాళ్ళ దగ్గరా, మన సైటులోనూ. కొన్నవాళ్ళ ఫోన్లలో కూడా ఇక తెరుచుకోదు. మన సైటులో కొన్నవాళ్ళందరికీ డబ్బు వెనక్కి ఇచ్చేశాం, ఎవరెంతకు కొన్నారో అంత. అక్కడ కూడా ఒకటే రేటు కుదరలేదు, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగింది ఇప్పుడు జరిగింది. నీ పుస్తకానికి ఎక్కడ చూసినా ఒకటే. లేదు.

ఇక చొక్కా. రాయకూడదనుకున్నాను, అడిగావు కాబట్టి రాస్తున్నాను. చొక్కా ఎడమచెయ్యి అంగుళం పొట్టి. రెండు చేతులూ రెండు కొలతలు. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. రెండు రేట్లు పెట్టే తమ్ముడికి రెండు కొలతల చొక్కా. ఊరందరికీ కోత నేర్పినదానివి, పొరపాటున అలా కుట్టవు. మీ మరదలు చూసి, "మీ అక్క నోటితో కంటే సూదితో బాగా పొడుస్తుంది" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నువ్వు కుట్టింది తొడుక్కుందామని చిన్నపిల్లాడిలా పార్సిలు అక్కడే, పోస్టాఫీసు మెట్ల మీదే విప్పాను. రెండు రోజులు కాలరు కూడా కుట్టావు, ఈ ఎత్తిపొడుపు కోసం. అంత ఓపిక నా మీద ఎప్పుడూ చూపించలేదు.

ఇంతే.

తమ్ముడు

*

మే 2

తమ్ముడూ,

ఈ ఉత్తరం నేను చెప్తుంటే పొడుగమ్మాయి రాస్తోంది. అక్షరాలు తిన్నగా ఉంటాయి, సంతోషించు.

చేతులు చొక్కాకు తగిలించే ముందు ఒకదాని మీద ఒకటి పరిచి చూడాలి. పుస్తకంలో రాశాను, పిల్లలకు వెయ్యిసార్లు చెప్పాను. నీ చొక్కాకు కూడా పరిచి చూశాను. రెండూ సమానంగానే కనిపించాయి. నీ ఉత్తరం వచ్చాక పొడుగమ్మాయిని పిలిచి టేపు చేతికిచ్చాను. ఒక గుడ్డ కొలిచి నా లెక్క చెప్పాను. తను కొలిచి వేరే లెక్క చెప్పింది. తనే తప్పనుకుని గట్టిగా కసిరాను. మళ్ళీ కొలిచింది. పాపం, ఈసారి నేను చెప్పిన లెక్కే చెప్పింది. నా మీద జాలిపడిందని అప్పుడు తెలిసింది.

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. బల్బుది తప్పు కాదట. చూపు మధ్యలోంచి పోతోందట, అంచులు మిగులుతాయట. పోయింది రాదు, ఉన్నది ఎంతకాలం ఉంటుందో చెప్పలేనన్నాడు. రోజూ పొద్దున్నే నేను చూసిన రేట్లలో ఎన్ని నిజంగా ఉన్నాయో, ఎన్ని నాకలా కనిపించాయో ఇప్పుడు నాకు తెలియదు. పిల్లలు పెట్టిన డబ్బు మాత్రం నిజమే. వాళ్ళ కళ్ళు బాగానే ఉన్నాయి.

పొడవడానికి కుట్టలేదు. నీ ఒంటికి సరిపోవాలని కుట్టాను. నిన్ను ఎత్తిపొడవాలంటే నాకు నోరు లేదా? చెయ్యి పొట్టిగా ఉంటే నా చేతి పని తప్పిందని అనుకోవచ్చు కదా. నువ్వు అలా కూడా అనుకోలేదు. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు.

కాంపౌండరు గారి దగ్గర, దగ్గే పెద్దాయన దగ్గర నా మాటగా తలవంచుకో. పెద్దాయన్ని మళ్ళీ పనిలోకి పిలిపించు.

ఒకటి అడుగుతున్నాను. నా ఫోనులో పుస్తకం తెరిస్తే "అందుబాటులో లేదు" అని వస్తోందట. అచ్చు పుస్తకాలు ఇక నాకు కనబడవు. అక్షరాలు పెద్దవి చేసుకుంటే ఇంకొన్నాళ్ళు నా పాఠాలు నేను చదువుకునేదాన్ని. దారి ఉంటే చెప్పు. కొనమంటే కొంటాను, ఏ రేటైనా.

అక్క

*

మే 9

అక్కా,

ఏం రాయను? మీ మరదలు నీ ఉత్తరం చదివి లోపలికి పోయింది, రాత్రి అన్నం దగ్గరికి కూడా రాలేదు. వాక్యాలు జారిపోతున్నాయని మొదటి ఉత్తరంలోనే చూశాను. చూసి బస్సు జోకు వేశాను.

అమ్మకానికి పెట్టలేను. ఏడాది దాకా పెట్టకూడదని పెద్ద కొట్టువాళ్ళు రాయించుకున్నారు. కాంపౌండరు గారి పుస్తకం, మిగతావాళ్ళవి మొన్నటినుంచే మళ్ళీ కనబడుతున్నాయి. నీది పెడితే అవి మళ్ళీ పోతాయి. కాని నీ ఒక్కదానికి ఫైలు పంపాను, ఇది అమ్మకం కాదు కాబట్టి ఎవరూ అడగరు. పొడుగమ్మాయి నీ ఫోనులో పెడుతుంది. అక్షరాలు ఎంత పెద్దవి కావాలంటే అంత చేసుకో. రేటు మాట ఎత్తకు. నీ పుస్తకం నీకు ఊరికే.

వచ్చే వారం వస్తున్నాను. చొక్కా తొడుక్కునే వస్తాను.

తమ్ముడు

*

మే 16

తమ్ముడూ,

ఈసారి కూడా రాస్తున్నది పొడుగమ్మాయే.

ఫైలు అందింది. తనే నా ఫోనులో పెట్టింది. అక్షరాలు గోడ మీద రాసినంత పెద్దవి చేసింది. చేతి కోత పాఠం ఒక పేజీ చదువుకున్నాను. నేనే రాశానా అనిపించింది, అంత బాగుంది.

తర్వాత పొడుగమ్మాయి అడిగింది. "ఇది మీకెంత పడింది టీచర్?" అని. ఊరికే వచ్చిందన్నాను. నూట ఇరవై పెట్టి కొన్న పిల్ల. డబ్బు వెనక్కి వచ్చింది, పుస్తకం పోయింది. "నాకూ ఇమ్మని మీ తమ్ముణ్ణి అడగండి టీచర్, ఒకటే రేటు కదా" అంది. ఎగతాళికి అనలేదు. నేను నేర్పినదే నాకు చెప్పింది. తనకిస్తే గుండీలమ్మాయికి ఇవ్వాలి, గుండీలమ్మాయికిస్తే గ్రూపులో అందరికీ ఇవ్వాలి. అందరికీ ఊరికే ఇస్తే ఆ పెద్ద కొట్టువాళ్ళు ఊరుకోరు, కాంపౌండరు గారి పుస్తకం మళ్ళీ పోతుంది.

నా ఫోనులోంచి తీసెయ్యమన్నాను. తీసేసేటప్పుడు ఫోను అడుగుతుందట, నిజంగానే తీసెయ్యాలా అని. "వద్దులెండి టీచర్, తప్పయిపోయింది, నేనేదో అన్నాను" అని ఏడ్చింది. నేనే తన వేలు పట్టుకుని నొక్కించాను. ఈ వాక్యం రాయనని కలం కింద పెట్టేసింది. రాయించాను.

కోపం లేదు. మళ్ళీ పంపకు. నా ఒక్కదానికే వేరే రేటు పెట్టుకుని చదువుకోలేను.

నువ్వు వచ్చేటప్పుడు చొక్కా తొడుక్కుని రావద్దు, సంచిలో పెట్టుకుని రా. పొట్టిచేతిని పొడుగు చెయ్యడానికి ఆ గుడ్డ ఇక దొరకదు. కుడిచేతిని కూడా అంగుళం తగ్గించి కుడతానంది పొడుగమ్మాయి. కొలత తనే చూస్తుంది. రెండు చేతులూ నీకు పొట్టిగానే ఉంటాయి, కాని రెండూ ఒక్కలా ఉంటాయి.

కుట్టుకూలి నా రేకు బోర్డు మీద ఉన్నంత ఇవ్వు. తక్కువ ఇవ్వకు, ఎక్కువా ఇవ్వకు.

అక్క